వాహనము ఒకటి, తొండము ఒకటి

ఈ ఏడాది ఆషాఢంలో మా జిల్లా కార్యాలయాల్లో తెలుగు పక్షోత్సవాలు జరిగాయి. పదిహేను రోజులపాటు ఏ కాగితంలోనూ ఇంగ్లీషు మాట కనబడరాదని, కనబడితే రాసిన ఉద్యోగి సంజాయిషీ ఇచ్చుకోవాలని, ఆ సంజాయిషీలో కూడా ఇంగ్లీషు మాట ఉండరాదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు మంచిదే. దాని అమలులో ప్రాణనష్టం ఏమీ జరగలేదు. ఒక బండి మాత్రం ఏనుగైంది.

మాది బొంతవాగుకు ఇవతలి ఒడ్డు. ఆసుపత్రి, పెద్దబడి, బస్సు, ఆఫీసులు అన్నీ అవతలి ఒడ్డున. మధ్యలో వంతెన లేదు, చప్టా ఉంది. మా వాగుకు ఉరవడి తక్కువ. కింద ఏరు నిండినప్పుడు నీరు వెనక్కి ఎగదన్ని, చప్టా మీద నడుములోతున నిలబడిపోతుంది. శ్రావణంలో నిలబడితే మళ్ళీ దసరాకే తీయడం. ఆ మూడు నెలలూ అటు వెళ్ళినవాళ్ళు అటే, ఇటు ఉన్నవాళ్ళు ఇటే. మా అమ్మను ఒక శ్రావణంలో వైద్యానికి అటు పంపాం. వాగు తీశాక ఉత్తరం వచ్చింది, అమ్మ రాలేదు.

మా చెల్లెలు తాయారమ్మకు అరవై ఆరేళ్ళు. మూత్రపిండాలు పనిచేయవు. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి ఆసుపత్రిలో డయాలిసిస్ యంత్రం మీద రక్తం కడిగించుకోవాలి. ఒక వారం తప్పితే కాళ్ళు ఉబ్బుతాయి. రెండో వారం తప్పితే ఆయాసం. మూడో వారం సంగతి డాక్టరు చెప్పలేదు, నేను అడగలేదు. పోయిన ఏడు వానల మూడు నెలలూ దాన్ని ఆసుపత్రి వెనక రోగుల షెడ్డులో ఒక్కదాన్నే ఉంచాల్సి వచ్చింది. షెడ్డులో తోడు ఉండేవారికి అరవై ఏళ్ళు దాటరాదని నిబంధన. నాకు డెబ్బై ఒకటి. నేను రోజూ వాగుదాకా వెళ్ళి నిలబడేదాన్ని. అవతలి ఒడ్డు కనబడేది. ఆసుపత్రి కనబడేది కాదు. అయినా నిలబడేదాన్ని.

ఈ ఏడు మా ఎదురింటి ఏసుబాబు అరటిగెలలు తోలడానికి ఒక పాత పికప్ కొన్నాడు. దాన్ని చూసిన రోజునుంచి నాకు ఒకటే ఆలోచన. మెకానిక్ మస్తాన్ దాని బ్రేకులు చూడటానికి వచ్చినప్పుడు అడిగాను.

"ఇది నీళ్ళలో ఎందుకు ఆగిపోద్ది నాయనా?"

"బండి నీళ్ళకి ఆగదు మామ్మా, ఊపిరాడక ఆగుద్ది. దీని ముక్కు ఇదుగో, లైటు ఎనకాల, ఇంత కిందన పెట్టేరు. ఆ ముక్కుతో నీళ్ళు పీల్చిందంటే ఇంజను పోయినట్టే."

"అయితే ముక్కు పైకెత్తలేమా?"

"ఎందుకెత్తలేం! పట్నంలో స్నార్కెలని రెడీమేడువి అమ్ముతారు. దీనికి సరిపోయేది దొరకదు గానీ, మనమే సేసేద్దాం. ఏరా ఏసుబాబూ, నీ బండికి తొండం పెట్టనా?"

"మళ్ళీ ఊడబెరకమంటే బెరుకుతావా?" అన్నాడు ఏసుబాబు.

"ఒకసారి పెట్టేక తొండం ఊడదురా. ఆలోసించుకో."

ఏసుబాబు తాయారు కాళ్ళవైపు చూశాడు. ఆ రోజు సోమవారం, కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. "పెట్టెయ్యి" అన్నాడు.

నాలుగు రోజులు పట్టింది. మస్తాన్ మడ్‌గార్డుకు బొక్క తీశాడు. అంచులకు ఆకురాయి పట్టాడు. లోపల రబ్బరు గొట్టం వేసి క్లిప్పులు బిగించి, అతుకు అతుకుకూ గమ్ము మెత్తాడు. బయట ఇనుప గొట్టాన్ని ముందు అద్దం పక్కనుంచి పైకప్పు దాకా, ఆ పైన ఇంకో జాన ఎత్తు లేపి చివర వంపు తిప్పాడు. పురుగులు పోకుండా వంపు మూతికి జల్లెడ కట్టాడు. దానికి బూడిదరంగు వేశాడు. అతని దగ్గర మిగిలి ఉన్న రంగు అదొక్కటే. ఆఖర్న ఇంజను నడుస్తుండగా పైకెక్కి తొండం మూతిని అరచేత్తో మూశాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"సంపేసేవురా బండిని!" అని ఏసుబాబు తల పట్టుకున్నాడు.

"ఆగాలెహె! ఆగకపోతే ఎక్కడో కన్నం ఉన్నట్టు. ఇప్పుడిది తొండంతోనే ఊపిరి తీస్తంది."

మోకాటిలోతు నీళ్ళలో మొదటిసారి చప్టా దాటిన రోజున తాయారు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఈ ఏడు నన్ను షెడ్డులో పడెయ్యవు గదా?" అంది. "పడెయ్యను" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. నేను గట్టిగా అన్న మాటలు నిలవడం తక్కువ.

ఆ సాయంత్రమే ఆసుపత్రినుంచి తిరిగి వస్తుంటే అవతలి ఒడ్డు చెక్‌పోస్టు దగ్గర మోటారు తనిఖీ అధికారి దక్షిణామూర్తి గారు బండి ఆపారు. బండి చుట్టూ ప్రదక్షిణం చేసి గొట్టం దగ్గర నిలబడ్డారు.

"ఏమిది?"

"గాలి గొట్టమండి" అన్నాడు ఏసుబాబు.

"గాలి గొట్టము అను అంగము వాహన పట్టికయందు లేదు. దీని యొక్క నామధేయమేమి?"

"మస్తాన్ దీన్ని స్నార్కె..."

"ఆపుము!" దక్షిణామూర్తి గారు ఉలిక్కిపడి అటూ ఇటూ చూశారు. "పక్షోత్సవములు జరుగుచున్నవి. మొన్న మా గుమాస్తా టైరు అని రాసి మూడు పుటల సంజాయిషీ సమర్పించినాడు. ఆ సంజాయిషీలో మరల టైరు అని రాసినాడు. దానికి ఇంకొక సంజాయిషీ. పాపము, ఇప్పటికి పదకొండవ సంజాయిషీలో ఉన్నాడు. తెలుగులో చెప్పుము."

"తెలుగులో తొండమంటామండి."

ఆయన ముఖం వెలిగిపోయింది. "తొండము! ఆహా! నేలలోనుండి మొలిచినట్లున్నది" అని అక్కడికక్కడే రాసేశారు. *వాహనము ఒకటి. తొండము ఒకటి. తొండమునకు అనుమతి పత్రము లేదు.* ఆ నివేదికలో ఒక్క పరాయి మాట కూడా లేనందుకు పక్షోత్సవాల ముగింపు సభలో ఆయనకు శాలువా కప్పారు.

నివేదిక జిల్లా కార్యాలయానికి వెళ్ళింది. అక్కడ కంప్యూటరులో తొండము అని కొడితే రవాణా శాఖ కింద ఏమీ రాలేదు. అటవీ శాఖ, వన్యప్రాణి విభాగం కింద వచ్చింది. దస్త్రం అటు వెళ్ళిపోయింది. నా వితంతు పింఛను దస్త్రం ఒక బల్లమీదనుంచి పక్క బల్లమీదకు వెళ్ళడానికి రెండేళ్ళు పట్టింది. ఇది రెండు రోజుల్లో శాఖ మారింది.

మూడో రోజు అటవీ అధికారి వామనరావు గారు ఇద్దరు గార్డులతో మా వీధిలో దిగారు. నిలబడే కాగితం చదివారు.

"వన్యప్రాణి శరీరభాగమును అక్రమముగా కలిగియుండుట. అనగా, తొండము. ఏనుగును ఎచ్చట వధించితిరి?"

మస్తాన్ స్పానరు తీసి గొట్టం మీద కొట్టాడు. ఖంగుమంది. "ఇనుమండి సారూ. ఇనపడిందా?"

"వినబడినది. కండ్లకు కూడా గొట్టము వలెనే కనబడుచున్నది. కాని నాయనా, నా కన్నులూ చెవులూ దస్త్రములో భాగము కావు. దస్త్రములో తొండమున్నది."

అరుగుమీద కూర్చున్న తాయారు అంది. "మేం సీమని కూడా సంపలేదు బాబూ. నాకు శుక్రవారం ఆసుపత్రుంది. బండిని వదిలెయ్యండి."

"అమ్మా, చీమలు మా పరిధిలో లేవు" అన్నారు వామనరావు గారు. ఆయన చెడ్డవారు కారు. బయటపడే దారి కూడా ఆయనే చెప్పారు. ఆ తొండం చచ్చిన ఏనుగు నుంచి కోసింది కాదని పశువైద్యుడు రాసిస్తే కేసు కొట్టేయవచ్చు.

మా పశువుల డాక్టరు ఊరి గేదెలన్నిటికీ దేవుడు. మాకు సాయం చేయాలనే వచ్చాడు. ఆయన తెచ్చిన పత్రంలో మూడే ప్రశ్నలు ఉన్నాయి. భాగము దేహమునుండి వేరుపడినదా? శ్వాస యున్నదా? ఆరోగ్యమెట్లున్నది? డాక్టరు గొట్టాన్ని పట్టుకుని ఊపి చూశాడు. కదలలేదు. బండి తీయమన్నాడు. మస్తాన్ ఉత్సాహం ఆపుకోలేక పైకెక్కి మూతిమీద అరచెయ్యి పెట్టాడు. బండి దగ్గి ఆగిపోయింది.

డాక్టరు చూసింది చూసినట్టు రాశాడు. *తొండము దేహమునకు గట్టిగా అతికియున్నది. శ్వాస తొండముతోనే జరుగుచున్నది. మూసినచో కూలబడుచున్నది. ఆరోగ్యము బాగున్నది.*

"ఇంక కేసు ఉండదు పెద్దమ్మా" అని నవ్వుతూ సంతకం పెట్టాడు.

ఆయన మాట నిజమే. కేసు కొట్టేశారు. తొండం చచ్చిన ఏనుగుది కాదని రుజువైంది. బతికున్న ఏనుగుదే అయినప్పుడు, ఆ ఏనుగును యాజమాన్య పత్రం లేకుండా ఇంటి ముందు పెట్టుకున్నందుకు ఆ మధ్యాహ్నమే రెండో నోటీసు వచ్చింది. పది రోజుల తర్వాత సోమవారంనాడు దానిని గజ సంరక్షణ శిబిరానికి తరలిస్తారు. శిబిరం మూడు జిల్లాల అవతల ఉంది. అంతవరకూ అటవీ కార్యాలయ ఆవరణలో నిర్బంధం.

ఏసుబాబే నడుపుకుంటూ తీసుకువెళ్ళి అప్పగించాడు. దారిలో పోసిన డీజిలును గార్డు ఔషధము అని రాసుకున్నాడు. బండికి ఎడమ వెనక చక్రానికి గొలుసు వేసి చింతచెట్టుకు కట్టారు. ముందు కాలికి వేయాలా వెనక కాలికి వేయాలా అన్నదానిపై గార్డులిద్దరూ వాదించుకున్నారట. నిబంధనల ప్రకారం రోజుకు నూట యాభై కిలోల చెరుకు, రావి మండలు తెచ్చి బానెట్టు ముందు పోశారు.

మరునాటినుంచి వానలు పట్టుకున్నాయి. చప్టామీద నీరు మోకాలు దాటబోతోంది. ఇన్నాళ్ళూ దాటించిన ఆటోవాడు, "సోమారం ఆకరండి మామ్మా, ఆ తర్వాత నా వల్ల కాదు" అనేశాడు. ఆసుపత్రిలో అడిగితే షెడ్డులో ఒక మంచం సోమవారంనుంచి తాయారు పేరున రాశారు. తోడు వయసు అరవై లోపే అని మళ్ళీ చెప్పారు. నాకు ఏడాదిలో వయసు తగ్గి ఉంటుందేమోనని వాళ్ళు అనుకుని ఉండరు. నేనే మళ్ళీ అడిగాను.

ఆదివారం తాయారు సంచి సర్దాను. రెండు చీరలు, పళ్ళెం, గ్లాసు, దువ్వెన, జీలకర్ర పొట్లం.

"దుప్పటి కూడా పెట్టెయ్యి అక్కా. దసరాకి సలి మొదలవుద్ది."

"దసరా ఎవరు సూసొచ్చేరు!" అని కసిరాను. తర్వాత దుప్పటి పెట్టాను. తర్వాత తీసేశాను. దుప్పటి పెడితే మూడు నెలలు ఒప్పుకున్నట్టు. పెట్టకపోతే దానికి చలి.

"ఎందుకే ఆ దుప్పటితో కుస్తీ?" అంది తాయారు. "పోయినేడు వెళ్ళేను, వచ్చేను. ఈ ఏడూ అంతే."

అది అబద్ధం చెప్పేటప్పుడు గోడవైపు చూస్తుంది. గోడవైపే చూసింది. పోయిన ఏడు దసరాకు దాన్ని ఇద్దరు పట్టుకుని ఆటో దింపారు.

నిద్ర పట్టక రెండో నోటీసు తీసి చదివాను. అప్పటికి దాన్ని తొమ్మిదిసార్లు చదివి ఉంటాను. ఆ రోజు వెనకవైపు కూడా చదివాను. ఏనుగుల పోషణ నియమాలు ఇరవై మూడు, చీమతలకాయంత అక్షరాల్లో ఉన్నాయి. పదిహేడో నియమం దగ్గర ఆగిపోయాను.

సోమవారం అర్జీల దినం. నేను, తాయారు, తాయారు సంచి, ఏసుబాబు ఆఖరి ఆటోలో వాగు దాటాం. మొదట ఆఫీసు, తర్వాత షెడ్డు. అటవీ కార్యాలయం ఆవరణలో ఏనుగును ఎక్కించుకోవడానికి లారీ వచ్చి ఉంది. లారీ తొట్టిలో మెత్తగా ఉండటానికి ఎండుగడ్డి పరిచారు.

డివిజన్ అధికారి గారు పైనుంచి వచ్చి కూర్చున్నారు. పక్కన వామనరావు గారు నిలబడ్డారు. ఆయన చిక్కిపోయి ఉన్నారు.

"అర్జీ సారాంశమేమి?"

"బండిని ఇచ్చెయ్యమని అండి" అన్నాడు ఏసుబాబు.

"బండి ఏదియు మా అధీనమున లేదు. తొలగుము."

నేను ముందుకు జరిగాను. "ఏనుగు గురించి బాబూ. ఈ నోటీసు ఎనకాల పదిహేడోది సదవనా?"

"వెనుకవైపు కూడా ముద్రించినారా?" అని అధికారి గారు వామనరావు గారిని అడిగారు. ఆయనకూ తెలియదు.

చదివాను. "గజము మిక్కిలి స్నేహశీలమైన జంతువు. అలవాటుపడిన మనిషి నుండి వేరుచేసినచో బెంగతో మేత మాని మరణించు ప్రమాదము కలదు. కావున అట్టి వియోగమును ఏ అధికారియు కలిగింపరాదు."

మనుషుల గురించి ఇలాంటి నియమం ఎక్కడైనా ఉందేమోనని ముందు రోజు నేను చాలా వెతికాను. షెడ్డు వాళ్ళు ఇచ్చిన కాగితం రెండువైపులా చూశాను. లేదు.

"మేత విషయమెట్లున్నది?" అన్నారు అధికారి గారు.

వామనరావు గారు పుస్తకం తెరిచారు. "మొదటి దినము మేత ముట్టలేదు. రెండవ దినము ముట్టలేదు. లద్దె లేదు. మూడవ దినము బెల్లము కలిపి పెట్టితిమి, ముట్టలేదు. నాల్గవ దినము నేనే స్వయముగా బుజ్జగించితిని. నేటికి పది దినములు, ప్రభూ. నిలబడినచోటనే నిలబడియున్నది. రాత్రి పండుకొనుట కూడ లేదు."

"పది దినములు!" అధికారి గారు లేచి నిలబడ్డారు. "శిబిరమునకు చేరులోపల ఏమైనా అయినచో సంజాయిషీ ఎవరిది? ఎవరిమీద ఈ బెంగ?"

నేను తాయారును చూపించాను. తాయారు సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీమీద కూర్చుని ఉంది. మొహం ఉబ్బి ఉంది.

"ఆవిడ ఎక్కితేనే కదులుద్దండి" అన్నాడు ఏసుబాబు. "ఆవిడ కోసమే కదండీ తొండం వచ్చింది."

పరీక్ష పెట్టారు. అందరూ ఆవరణలోకి నడిచారు. చక్రాల చుట్టూ పది రోజుల చెరుకు గుట్టగా పడి ఉంది. దానికి ఈగలు ముసిరి ఉన్నాయి. మా ఇద్దరి భుజాలు పట్టుకుని తాయారు ముందు సీటులోకి ఎక్కింది. ఏసుబాబు తాళం తిప్పాడు. పది రోజులుగా వానలో తడిసిన బండి, మూలిగి, వణికి, తొండంలోంచి బుస్సున గాలి పీల్చుకుని లేచింది. ఏసుబాబు ఆనందం పట్టలేక హారను కొట్టాడు.

"గజము ఘీంకరించినది అని రాయుము" అన్నారు అధికారి గారు, గుమాస్తాతో. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మూగజీవము. ఎంత గుర్తుపెట్టుకొన్నదో చూడుము."

ఉత్తర్వు అక్కడే తయారైంది. సదరు ఏనుగును సదరు తాయారమ్మ నుండి ఏ అధికారియు వేరుచేయరాదు. ఏనుగుకు నీరు ప్రీతి గనుక వారమునకు రెండుమార్లు, మంగళ, శుక్రవారములందు, వాగులో దిగి ఆవలి ఒడ్డునకు పోయి మరలివచ్చుటకు అనుమతి. మావటి ఒకరు. స్నేహితురాలు ఒకరు.

"బాబూ, నా పేరు కూడా రాయండి" అన్నాను.

"నీవెవరు?"

"అక్కని."

"ఏనుగునకా?"

"తాయారుకండీ."

"అక్కలకు ఈ నియమావళిలో చోటు లేదమ్మా. గజము వెంట మావటి, స్నేహితురాలు, మేత, ఇంతియే వెళ్ళవచ్చును."

గుమాస్తా సిరా ఆరబెడుతున్నాడు. బండి మోగుతూనే ఉంది. అద్దంలోంచి తాయారు నావైపే చూస్తోంది. అది ఇప్పుడు వాగు దాటుతుంది, తిరిగి వస్తుంది, అంతవరకూ బాగానే ఉంది. కానీ యంత్రం మీద నాలుగు గంటలు పడుకున్నప్పుడు దాని ముక్కు దురద పెడితే ఎవరు గోకుతారు? ఒక్కోసారి మధ్యలో కళ్ళు తేలేస్తుంది. అప్పుడు పిలవడానికి ఎవరుంటారు? నేను మళ్ళీ ఒడ్డున నిలబడాలి.

"మేత అంటే ఏంటో రాసేరా బాబూ అందులో?"

అధికారి గారు పుట తిప్పారు. "బరువు మాత్రమే ఉన్నది. నూట యాభై కిలోలకు తగ్గరాదు. వస్తువు పేర్కొనలేదు."

"అయితే నన్ను తూయండి."

వామనరావు గారు నావైపు చూశారు, చెరుకు గుట్టవైపు చూశారు. పది రోజులుగా ఆయన ఆ చెరుకు మోయిస్తున్నారు. మరోమాట లేకుండా చెరుకు తూచే కాటా తెప్పించారు. నేను నలభై రెండు కిలోలు ఉన్నాను.

"నూట ఎనిమిది తక్కువ" అన్నాడు గుమాస్తా.

తక్కువైనదానికి మా ఊళ్ళో కరువు లేదు. అవతలి ఒడ్డు బడిలో పాఠాలు చెప్పే సుగుణమ్మ పంతులమ్మ యాభై ఆరు. పాలకేంద్రానికి వెళ్ళే అప్పలకొండ, ఖాళీ క్యానుతో సహా, యాభై రెండు. సరిగ్గా సరిపోయింది. శుక్రవారాలు పంతులమ్మకు సెలవు దొరికితే, ఆ రోజు మేతకు మా వీధిలో పోటీ. తాయారు సంచి ఆ సాయంత్రం ఇంటికి తిరిగొచ్చింది. షెడ్డులో మంచం ఖాళీగా ఉందని వాళ్ళు రెండుసార్లు కబురు పెట్టారు.

ఇప్పుడు శ్రావణం. చప్టామీద నీరు నడుములోతున నిలబడింది. బానెట్టు మునుగుతుంది, తొండం పైకి కనబడుతుంది. ముందు సీటులో స్నేహితురాలు, వెనక తొట్టిలో మేమూ. తలుపుల కిందనుంచి నీళ్ళు లోపలికి కారితే తాయారు కాళ్ళు సీటుమీదికి ముడుచుకుంటుంది. వెనక కిటికీలోంచి దాని జుట్టుముడి కనబడుతూ ఉంటుంది. నేను దాన్నే చూస్తూ కూర్చుంటాను.

పోయిన శుక్రవారం తిరిగి వస్తుంటే చెక్‌పోస్టు దగ్గర కొత్త గార్డు ఆపాడు. తొట్టిలో మమ్మల్ని లెక్కపెట్టి, పుస్తకంలో పొద్దున రాసింది చూసి, ఏసుబాబును అడిగాడు.

"నూట యాభై కిలోలు ఎల్లింది. నూట యాభై తిరిగొచ్చింది. ఏనుగు మేత ముట్టలేదా?"

"ముట్టలేదండి."

"స్నేహితురాలు పక్కనే ఉంది గదా. ఇంకా బెంగేనా?"

ఏసుబాబు వెనక్కి తిరిగి నావైపు చూశాడు. ముందు సీటులో తాయారు అలసిపోయి, తల కిటికీకి ఆనించి నిద్రపోతోంది. అద్దంమీద దాని ఊపిరి ఆవిరి పడుతోంది, పోతోంది, మళ్ళీ పడుతోంది.

"ఇంకా బెంగే నాయనా" అన్నాను తొట్టిలోంచి. "అది తీరేది కాదు. రాసుకో."

రాసుకున్నాడు.